పొట్టోళ్ళకి పెద్ద బండి: ఫెయిరింగ్ ఉన్న టూరింగ్ బైక్ మేం ఎలా ఎంచుకున్నామంటే



మన గ్రూపులో చదువుల గురించి, నోటిఫికేషన్ల గురించి, 1/70 గురించి, జీవో 3 గురించి పెద్ద పెద్ద పోస్టులు వస్తుంటాయి. ఈసారి బండి గురించి రాస్తున్నాం. ఇది కూడా మన విషయమే అని చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

మేం అంటే అక్కా తమ్ముడు. ఇద్దరం కలిసే రాస్తున్నాం. అక్క విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు, తమ్ముడు అక్కడే పీజీ చేస్తున్నాడు. మా ఊరు పాడేరు దాటి ఇంకో 30 కిలోమీటర్లు లోపలికి. అక్క ఎత్తు 5 అడుగులు, తమ్ముడి ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. మా ఇంట్లో మేమే పొడుగు! అమ్మ మా అక్క భుజం దగ్గరికి వస్తాది.

ఎత్తు గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్లలో మగవాళ్ళకి మామూలుగా 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఏజెన్సీ ప్రాంతం ఎస్టీలకి 160 ఉంటే చాలు. ఆడవాళ్ళకి 152.5 అయితే మన ఆడపిల్లలకి 150. మన ఒళ్ళు ఎలా ఉంటాదో గవర్నమెంటు ఒక కాగితం మీద ఒప్పుకుంది. మా తమ్ముడు ఆ 160 గీత దాటినోడే, ఫైనల్ రాతపరీక్షలో ఆగిపోయాడు, అది వేరే కథ. ఇక్కడ చెప్పేదేటంటే, బండ్ల కంపెనీలకి అలాంటి సడలింపు లేదు. సీటు ఎంత ఎత్తులో పెట్టారో అంతే. మనమే మన కొలత తెలుసుకుని వెళ్ళాలి. లేకపోతే షోరూములో కుర్రాడు చెప్పిందే వేదం అయిపోతాది.

మొదట, మాకు టూరింగ్ బండి ఎందుకు, అందులో ఫెయిరింగ్ ఎందుకు?

అక్కకి నెలలో వరసగా నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది. నైట్ డ్యూటీ దిగి బస్సు పట్టుకుంటే పాడేరు వచ్చేసరికి మధ్యాహ్నం అయిపోతాది. అక్కడినుంచి మా ఊరి వైపు వెళ్ళే జీపు నిండితే గాని కదలదు. రాకపోకలకే రెండు రోజులు పోతే ఇంట్లో ఉండేది రెండు రోజులు. మూడు నెలలకోసారి అమ్మని వైద్య పరీక్షలకి విశాఖ తీసుకురావాలి. ఒక వైపే సుమారు 140 కిలోమీటర్లు, అందులో ఘాట్. ఇంత దూరం ఒక్క ఊపున వెళ్ళి, మర్నాడు పని చేసుకోగలిగేలా ఉండాలి బండి.

ఇక గాలి. ఫెయిరింగ్ అంటే బండి ముందు వైపు తొడిగిన కవచం, పైన చిన్న అద్దం లాంటి విండ్‌స్క్రీన్. చాలామంది అది స్టైల్ కోసం అనుకుంటారు. డిసెంబరులో తెల్లారి ఐదింటికి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఒక్కసారి బండి నడిపిన వాళ్ళని అడగండి. స్పీడు రెట్టింపు అయితే గాలి తోపు నాలుగు రెట్లు అవుతాది. 40 మీద మామూలుగా ఉన్న గాలి 80 మీద గుండెల మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టినట్టు ఉంటాది. దాన్ని ఆపడానికి చేతులు హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాయి. రెండు గంటలకి భుజాలు, మెడ పట్టేస్తాయి. తక్కువ బరువున్న మనిషికి ఆ అలసట తొందరగా వస్తాది. ముందు కవచం ఉంటే ఛాతీకి తగిలే గాలి పక్కలకి పోతాది. చలికాలం అది స్వెట్టర్ మీద ఇంకో స్వెట్టర్ వేసుకున్నట్టే.

ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు. ప్రతి ఆగస్టు 9కి మన కుర్రాళ్ళు బండ్ల మీద ర్యాలీ తీస్తారు. ఆడపిల్లలు కూడా వస్తారు, వెనక సీట్లో జెండా పట్టుకుని. వెనక కూర్చోడానికి ఎవరూ ఎత్తు అడగరు కదా. మా అక్కకి ముందు సీటు కావాలి.

ఇప్పుడు కొలతల దగ్గరికి వద్దాం. మీరు ముందు కొలవాల్సింది మీ ఎత్తు కాదు, మీ కాలు. గోడకి ఆనుకుని, చెప్పుల్లేకుండా, పాదాలు కొంచెం ఎడంగా పెట్టి నిలబడండి. ఒక గట్టి అట్ట పుస్తకం కాళ్ళ మధ్య పెట్టి, బండి సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి ఆనించండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. మాకు అక్కది 69 సెంటీమీటర్లు, తమ్ముడిది 73. ఒకే ఎత్తున్న ఇద్దరికి కూడా ఇది రెండు మూడు సెంటీమీటర్లు తేడా వస్తాది. కాబట్టి "నీ హైటున్న మా ఫ్రెండు నడుపుతున్నాడు" అన్న మాట నమ్మొద్దు.

కంపెనీలు సీటు ఎత్తు మిల్లీమీటర్లలో చెప్తాయి. 800 అంటే 80 సెంటీమీటర్లు. 69 ఎక్కడ, 80 ఎక్కడ అని భయపడొద్దు. ఆ తేడా కొంత తగ్గుతాది. మనం కూర్చోగానే సస్పెన్షన్ దిగుతాది, రెండు మూడు సెంటీమీటర్లు అనుకోండి. బూటు అడుగు ఇంకో రెండు మూడు. మడమ లేపి మునివేళ్ళ మీద ఆనితే ఇంకొంత. అయితే సీటు వెడల్పు ఇచ్చినదాన్ని వెనక్కి లాగేసుకుంటాది. సీటు ముందు వైపు వెడల్పుగా ఉంటే కాళ్ళు పక్కలకి చాపుకుంటాయి, కిందికి పోవు. అందుకే 810 ఉన్న సన్నటి సీటు, 790 ఉన్న వెడల్పు సీటు కంటే అందుబాటుగా అనిపించొచ్చు. కాగితం మీద అంకె చూసి సగమే తెలుస్తాది, ఎక్కితేనే మిగతా సగం.

రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి అన్నది కూడా చాదస్తమే. బండి ఆగేది ఒక్క కాలి మీదే. నడుము ఒక అంగుళం ఎడమకి జరిపి, ఎడమ పాదం నేల మీద పూర్తిగా ఆనించి, కుడి పాదం వెనక బ్రేకు మీద ఉంచితే చాలు. ఘాట్‌లో ఆగినప్పుడు ఎలాగూ కుడి కాలు బ్రేకు మీదే ఉండాలి. కాబట్టి మా లెక్క ఇది: ఒక పాదం పూర్తిగా ఆనాలి, లేదా రెండు పాదాల ముందు భాగాలు గట్టిగా ఆనాలి. ఉట్టి వేళ్ళ కొనలు మాత్రమే తగిలితే ఆ బండి వదిలేయాలి.

ఆరు నెలలు మేం ఎక్కి దిగిన బండ్లు ఇవి. అంకెలు కంపెనీలు చెప్పినవి, మోడల్ మారితే కొంచెం మారొచ్చు, కొనేముందు చూసుకోండి.

యమహా ఆర్15 వి4: సీటు 815, బరువు సుమారు 141 కేజీలు. ఫుల్ ఫెయిరింగ్. తేలిక కాబట్టి ఎత్తున్నా భయం వెయ్యదు. కానీ హ్యాండిల్ కిందికి ఉంటాది, ఒళ్ళు ముందుకి వాలిపోతాది. ఘాట్ దిగేటప్పుడు బరువంతా మణికట్టు మీదే. వెనక సీటు ఎత్తులో, చిన్నగా ఉంటాది. అమ్మ దాని మీద కూర్చోవడం అన్న ఆలోచనకే ఇంట్లో అందరూ నవ్వారు.

సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250: సీటు 800, బరువు 161. ఫుల్ ఫెయిరింగ్ ఉన్నా హ్యాండిల్ మరీ కిందికి కాదు, కూర్చునే తీరు టూరింగ్‌కి దగ్గరగా ఉంటాది. కొత్త బండి కొనగలిగే వాళ్ళు తప్పకుండా ఎక్కి చూడాల్సింది ఇది. మా డబ్బులకి అందలేదు.

హీరో కరిజ్మా ఎక్స్ఎమ్ఆర్: సీటు 810, బరువు సుమారు 163. టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310: సీటు 810, బరువు 174. రెండూ తమ్ముడికి అందాయి, అక్కకి వేళ్ళ కొనలే తగిలాయి.

సుజుకి వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్: సీటు 835, బరువు 167, కింద నేలకీ ఇంజనుకీ మధ్య 205 మిల్లీమీటర్ల ఖాళీ. మన రోడ్లకి సరిగ్గా సరిపోయే బండి, సగం ఫెయిరింగ్, మంచి పొజిషన్. కానీ 835 అంటే మా ఇద్దరిలో ఎవరికీ కాదు. మనసు చంపుకుని దిగాం.

రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350: సీటు 765 మాత్రమే. ఫెయిరింగ్ కాదు గాని విండ్‌స్క్రీన్ వేసుకోవచ్చు. అక్కకి రెండు పాదాలూ దాదాపు ఆనాయి. అక్కడే కొనేద్దామనిపించింది. కానీ బరువు 191. జిక్సర్ కంటే 30 కేజీలు ఎక్కువ, అంటే ఒక పాతిక కేజీల బియ్యం మూట, దాని మీద ఇంకో సంచీ. కదులుతున్నంతసేపూ ఆ బరువు తెలియదు. మా ఇంటి ముందు వాలులో వెనక్కి లాగేటప్పుడు తెలుస్తాది.

బజాజ్ పల్సర్ 220ఎఫ్: సీటు 795, బరువు 160, ట్యాంకు 15 లీటర్లు, సగం ఫెయిరింగ్. 2022లో ఆపేసి 2023లో మళ్ళీ తెచ్చారు. పాతది, ఫ్యాషన్ తగ్గిపోయింది అంటారు. దీని సంగతి కిందికి చెప్తాం.

ఎత్తు తర్వాత చూడాల్సింది బరువు అన్నాం కదా, దానికి మన ఏజెన్సీ రోడ్ల లెక్క వేరు. మైదానంలో అందిన కాలు ఇక్కడ అందదు. ఎందుకంటే రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటాది. మనం ఎడమ వైపు వెళ్తాం, ఎడమ అంచున ఆపుతాం, ఎడమ కాలు దింపుతాం. సరిగ్గా ఆ కాలి కిందే నేల రెండు మూడు అంగుళాలు కిందికి ఉంటాది. పొడుగు మనిషికి అది లెక్కలోకి రాదు, మనకి మాత్రం బండి ఒరిగిపోతాది. కాబట్టి ఆపేటప్పుడు మరీ అంచుకి పోకుండా తారు ఉన్నచోటే, చదునుగా ఉన్నచోటే ఆపాలి. ఆపే ముందు కాలు ఎక్కడ పెడతామో చూసుకోవాలి. ఇది అలవాటైతే సగం భయం పోతాది.

పార్కింగు కూడా అంతే. బడ్డీ ముందు వాలులో ముక్కు కిందికి పెట్టి ఆపితే, మళ్ళీ తీసేటప్పుడు ఎగువకి వెనక్కి లాగాలి. మునివేళ్ళ మీద అది జరగదు. ముక్కు ఎగువకి పెట్టి, ఫస్ట్ గేరులో ఉంచి, స్టాండు వేస్తే బండి కదలదు, తీసేటప్పుడు దానంతట అదే వెనక్కి వస్తాది.

ఫెయిరింగ్ వల్ల మనలాంటి వాళ్ళకి కలిగే నష్టాలు కూడా చెప్పాలి. ఫుల్ ఫెయిరింగ్ బండి నిలబడి ఉండి ఒరిగినా పక్క ప్యానెల్ పగులుతాది. అది మామూలు బండి మీద గీత పడినట్టు కాదు, వేలల్లో ఖర్చు. హ్యాండిల్ పూర్తిగా తిరగదు కాబట్టి ఇరుకు రోడ్డులో యూ-టర్న్ ఒకేసారి రాదు, కాళ్ళతో ముందుకీ వెనక్కీ జరపాలి. చిన్న రిపేరుకి కూడా ప్యానెళ్ళు ఊడదియ్యాలి. కింద దాకా ప్లాస్టిక్ ఉంటే రాళ్ళ రోడ్డులో తగులుతాది. అందుకే మా లాంటి ఊళ్ళకి సగం ఫెయిరింగ్ మేలు అనిపించింది. గాలి ఆపాల్సింది ఛాతీకి, మోకాళ్ళ కింద కాదు.

లాభం ఒకటి ఉంది, ఇది ఎవరూ చెప్పరు. విండ్‌స్క్రీన్ విషయంలో పొట్టిగా ఉండటమే మంచిది! ఆరడుగుల మనిషికి చిన్న విండ్‌స్క్రీన్ ఛాతీ దాకానే పనిచేస్తాది. దాని మీంచి లేచిన గాలి సరిగ్గా హెల్మెట్‌కి కొట్టి తల అదిరిపోతాది. అందుకని వాళ్ళు డబ్బులు పెట్టి పొడుగు స్క్రీన్లు వేయించుకుంటారు. మనకి కంపెనీ ఇచ్చిందే సరిపోతాది, గాలి మన తల మీంచి పోతాది. ఒక్కటి చూసుకోండి: స్క్రీన్ పై అంచు మీ కళ్ళకి కిందే ఉండాలి. దాని మీంచి రోడ్డు చూడాలి గాని దానిలోంచి కాదు. మంచులో, వానలో ఆ ప్లాస్టిక్ మసకబారితే ముందున్నది గేదో మలుపో తెలియదు.

షోరూముల సంగతి. ఒక చోట అక్క బండి దగ్గరికి వెళ్ళగానే అక్కడి కుర్రాడు తమ్ముడి వైపు తిరిగి మాట్లాడ్డం మొదలెట్టాడు. బండి నాకే అని అక్క అంటే, "మేడమ్, మీ హైటుకి స్కూటీ బాగుంటుంది, కలర్లు చూపిస్తా" అన్నాడు. స్కూటీ తక్కువదని కాదు. మా అక్క మూడేళ్ళు స్కూటీ మీదే డ్యూటీకి వెళ్ళింది. కానీ మనం ఏం అడిగామో వినకుండా మన కాళ్ళ వైపు చూసి జవాబు చెప్పడం, అది మనకి కొత్త కాదు. హాస్టల్లో, కాలేజీలో, ఇంటర్వ్యూల్లో చూసిందే. అక్క మారు మాట్లాడలేదు. సంచిలోంచి టేపు తీసి సీటు ఎత్తు కొలిచింది, సీటు ముందు వెడల్పు కొలిచింది, పుస్తకంలో రాసుకుంది. "తాళం ఇవ్వండి, స్టాండు తీసి కూర్చుంటాను" అంది. ఇచ్చాడు. ఆ బండి మేం కొనలేదు, కొలత మాత్రం తెచ్చుకున్నాం. మీరూ టేపు పట్టుకెళ్ళండి. టేపు పట్టుకున్న మనిషితో మాట్లాడే తీరు మారుతాది.

కూర్చున్నప్పుడు ఏం చూడాలంటే: స్టాండు మీద ఉన్నప్పుడు కాదు, నిటారుగా నిలబెట్టి కూర్చోండి. మీరు రోజూ వేసుకునే బూట్లతోనే వెళ్ళండి. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి, దూరం వైపు చెయ్యి అందకపోతే ట్యాంకు మీకు పొడుగైనట్టు. క్లచ్, బ్రేకు లివర్లు వేళ్ళకి అందుతున్నాయా చూడండి, మన చేతులు కూడా చిన్నవే కదా. వెనక ఒక మనిషిని ఎక్కించి మళ్ళీ కూర్చోండి. దిగి, పక్కన నిలబడి పది అడుగులు ముందుకి, పది అడుగులు వెనక్కి నెట్టండి. ఇవన్నీ అయ్యాకే టెస్ట్ రైడ్.

సీటు తగ్గించుకోవచ్చు కదా అని అడుగుతారు. తగ్గించొచ్చు, దానికీ పద్ధతి ఉంది. సీటు కుట్టేవాళ్ళ దగ్గర ఫోమ్ కోయించొచ్చు. అయితే మందం మొత్తం కోయిస్తే వంద కిలోమీటర్లకే కింద రేకు మీద కూర్చున్నట్టు నొప్పి వస్తాది. మందం కొంచెమే తగ్గించి, ముందు వైపు రెండు పక్కలా అంచులు ఏటవాలుగా కోయించాలి. కాళ్ళు నేరుగా కిందికి దిగుతాయి, కూర్చునే చోటు మెత్తగానే ఉంటాది. వెనక షాకబ్జార్బర్ మెత్తటి సెట్టింగులో పెడితే ఇంకొంచెం దిగుతాది. వెనక ఒకే షాక్ ఉన్న బండ్లకి లోయరింగ్ లింక్ అని వేస్తారు. అది వేస్తే బండి వెనక మాత్రమే దిగి తిరిగే తీరు మారుతాది, ముందు ఫోర్కు కూడా అంతే దింపాలి. నేలకీ ఇంజనుకీ మధ్య ఖాళీ తగ్గుతాది. సైడ్ స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడి, కొంచెం తోస్తే అటు పడిపోతాది. మన రోడ్లకి మేం అది వద్దనుకున్నాం. అన్నిటికంటే చవకైనది మందపాటి అడుగున్న బూటు.

ఇక డబ్బులు. నాన్న మిరియాలు అమ్మిన దాంట్లోంచి 40 వేలు ఇచ్చాడు. సిల్వర్ ఓక్ చెట్లెక్కి కోసిన మిరియాలు అవి. అక్క చిట్టీ 35 వేలు, తమ్ముడి స్కాలర్‌షిప్పులో మిగిలింది 10 వేలు. మొత్తం 85 వేలు. కొత్త బండి రాదు, కిస్తీలు కట్టే ధైర్యం ఇంట్లో లేదు. డబ్బు ఇచ్చేటప్పుడు నాన్న ఒక్క మాటే అన్నాడు: "బండి మీకు తగ్గట్టుండాల. బండికి తగ్గట్టు మీరు సాగలేరు."

అలా 2019 మోడల్ పల్సర్ 220ఎఫ్, సెకండ్ హ్యాండ్, 70 వేలకి తీసుకున్నాం. ఎందుకంటే 795 సీటు, 160 కేజీలు, ఘాట్‌లో మనిషిని ఎక్కించుకుని లాగే ఇంజను, ఛాతీకి గాలి ఆపే సగం ఫెయిరింగ్, వెనక సీటు మరీ ఎత్తు కాదు. ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది. అన్నిటికంటే ముఖ్యం, చింతపల్లిలో గాని పాడేరులో గాని ఏ మెకానిక్ అయినా కళ్ళు మూసుకుని విప్పగలడు. ఎంత మంచి బండైనా, చెడితే విశాఖ దాకా లారీలో ఎక్కించాల్సి వస్తే అది మనకి టూరింగ్ బండి కాదు.

సెకండ్ హ్యాండులో ఫెయిరింగ్ బండి చూసేటప్పుడు ప్యానెళ్ళ రంగు ఒకే తీరుగా ఉందా, మరలు అన్నీ ఉన్నాయా, లోపల పగుళ్ళు అతికించారా చూడండి. ప్యానెల్ కొత్తగా, బండి పాతగా ఉంటే పడిన బండి అని అర్థం. హ్యాండిల్ నిటారుగా పెట్టి ముందు చక్రం నేరుగా ఉందో లేదో చూడండి. ఆర్సీలో ఫైనాన్సు పేరు ఉంటే దాన్ని తీయించాకే డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చుకోండి. లైసెన్సు సంగతి మరీ ముఖ్యం. గేరు లేని స్కూటీ లైసెన్సు మీద గేరు బండి నడపకూడదు. అక్క గేరు బండికి మళ్ళీ పరీక్ష ఇచ్చి తీసుకుంది. హెల్మెట్ ఐఎస్ఐది, ఇద్దరికీ చెరొకటి, అమ్మకి ఒకటి. మూడూ కలిపి నాలుగు వేలు దాటాయి, అందులో బేరం ఆడలేదు.

సీటు అంచులు కోయించి, మందం ఒకటిన్నర సెంటీమీటర్లు తగ్గించడానికి 900 అయింది. చెయిన్ సెట్, వెనక టైరు, బ్రేకు ప్యాడ్లు కలిపి 7 వేలు. ఇప్పుడు అక్కకి రెండు పాదాల ముందు భాగాలు గట్టిగా ఆనుతున్నాయి, నడుము జరిపితే ఎడమ పాదం పూర్తిగా ఆనుతుంది. సామాను వెనక ఎత్తుగా కట్టడం లేదు, రెండు పక్కలా వేలాడే సంచులు వేశాం. పైన మూట ఉంటే కాలు తిప్పి ఎక్కడం మనకి కష్టం, బరువు పైన ఉంటే ఒరిగినప్పుడు ఆపడం ఇంకా కష్టం.

మొదటి రెండు వారాలు అక్క తెల్లవారుజామున ఖాళీ గ్రౌండులో నేర్చుకుంది. ఆపడం, కాలు దింపడం, మళ్ళీ కదలడం. స్పీడు కాదు, ఆపడమే నేర్చుకోవాలి. ఎత్తు తక్కువ వాళ్ళకి బండి పడేది ఎక్కువగా ఆగినప్పుడే. తర్వాత ఒక రోజు తమ్ముడిని వెనక ఎక్కించుకుని పాడేరు ఘాట్ ఎక్కింది. మలుపులో బస్సు ఎదురైతే ఆపింది, వెనక బ్రేకు మీద కాలు ఉంచి, ఎడమ కాలు తారు మీద పెట్టి, బస్సు పోయాక క్లచ్ వదిలింది. ఇంజను ఆగలేదు. వెనకున్నోడు ఊపిరి పీల్చుకున్నాడు.

ఫిబ్రవరిలో చింతపల్లి, సీలేరు, డొంకరాయి, చింతూరు మీదుగా భద్రాచలం వెళ్ళొచ్చాం, సగం సగం నడుపుతూ. సీలేరు దాటాక రోడ్డు చాలాచోట్ల గుంతలే, ఫెయిరింగ్ మరలు రెండు వదులయ్యాయి, స్క్రూడ్రైవరు దగ్గర ఉంచుకోండి. దారిలో ఒక ఊళ్ళో నీళ్ళ కోసం ఆగితే కోయ ఆడపిల్లలు నలుగురు బండి చుట్టూ చేరారు. ఒకమ్మాయి అక్క పక్కన నిలబడి భుజం భుజం ఆనించి ఎత్తు చూసుకుంది. తనే రెండేళ్ళు పొడుగు. ఏమీ అనలేదు, బండి వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసమే ఇంత పెద్ద పోస్టు రాస్తున్నాం అనుకోండి.

ఇప్పుడు అమ్మ నెలకోసారి విశాఖ వస్తానంటుంది, పరీక్షలు లేకపోయినా! చీర గార్డు వేయించాం, ఎక్కడానికి ఇంటి ముందు అరుగు వాడుకుంటాది. నాన్న ఇంకా ఎక్కలేదు. "కాఫీ కోతలయ్యాక చూద్దాం" అంటున్నాడు.

మా తర్వాతి దారి పెద్దది. మేడారం మీదుగా పైకి వెళ్ళి, కెరమెరి కొండల్లో కొమరం భీం నేలకొరిగిన జోడేఘాట్ చూడాలని. అక్కడినుంచి ఇంద్రవెల్లి స్తూపం, కేస్లాపూర్ నాగోబా. పుస్తకాల్లో, మన గ్రూపు పోస్టుల్లో చదివిన చోట్లు. మన రెండు రాష్ట్రాల ఆదివాసీలు ఒకరి ఊరు ఒకరు చూసుకోవాలంటే మనకంటూ ఒక బండి, ఆ బండి మీద మన కాలు నేలకి అందడం, రెండూ కావాలి.

అయిదడుగులు, అయిదుంపావు ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కొనే ముందు ఎవరి బండైనా ఎక్కి చూడండి. పాడేరు వైపు ఉన్నవాళ్ళు గ్రూపులో మాకు ఒక మాట చెప్తే, మేం ఊరికి వచ్చినప్పుడు మా బండి స్టాండు తీసి ఇస్తాం. కూర్చోండి, నెట్టండి, వాలులో ఆపి చూడండి. టేపు కూడా మా దగ్గర ఉంది. ఆగస్టు 9కి ఇంకా టైముంది. ఈసారి ర్యాలీలో ముందు సీట్లో ఎంతమంది ఆడపిల్లలు ఉంటారో లెక్క పెడదాం. ఒకరైతే ఖాయం.